విమానాలు మలుపు తిరిగే మిరపచేను

నేను పదకొండు విమానాలను తిప్పాను. పెద్ద నగరంలో, పెద్ద విమానాశ్రయంలో, గాజు టవరు మీద నిలబడి, మైకు పట్టుకుని "ఎడమకు తిరుగు నాయనా" అంటే ఒక్కొక్కటే బుద్ధిగా తిరిగి వెళ్లిపోయాయి.

గుంటూరులో మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఈ మాట చెబితే ఇద్దరు నమ్మారు. ఒకాయన నా టీకి తనే మూడు రూపాయలు ఇచ్చాడు కూడా. ఇది అచ్చులో వచ్చేది కాబట్టి ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను. నేను టవరెక్కలేదు. గేటు దగ్గరి తుపాకీ మనిషి నన్ను చూసి, నా చేతిసంచి వాసన చూసి, వెనక్కి వెళ్లమని వేలు చూపించాడు. సంచిలో ఉన్నది గోంగూర పచ్చడి. విమానాలు లేవడం నేను చూసింది మా మేనకోడలి క్వార్టర్సు డాబా మీద నుంచి, ఆరేసిన దుప్పట్ల సందులోంచి. పదకొండు అన్న లెక్క మాత్రం నిజం.

నా సంగతి కొంచెం చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్లు గుంటూరు మిరప యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమాస్తాగా చేశాను. కాయను అరచేతిలో నలిపి, వాసన చూసి, ఇది ఫలానా ఊరి కాయ అని చెప్పేవాణ్ని. రైతులు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. ఊరిపేరు బస్తా మీద రాసి ఉండేది. అలాంటి నేను, ఏమీ లేని ఒక చోటును చూడటానికి డెబ్బై ఒకటో ఏట నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చాను.

వంటగదిలో ఆకాశం

మా మేనకోడలు సుజాత విమానాలను దారిలో పెట్టే ఉద్యోగం చేస్తుంది. ఊరిపేరు రాయొద్దని ఒట్టు వేయించుకుంది కనుక రాయను.

డాబా మీద నుంచి చూస్తే నాకు మొదట ఆశ్చర్యం కలిగించింది విమానాలు కాదు, వాటి వరస. ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ముందున్నది కదిలితే వెనకది కదులుతోంది. మా యార్డులో సీజనులో ట్రాక్టర్లు ఇలా నిలబడటం నేనెన్నడూ చూడలేదు. అక్కడ వరసంటే, గేటు తెరవగానే ఎవడి ఇంజను ముందుంటే వాడిది వరస.

"లేచాక ఎవరు ఎటు పోవాలో ఎవరు చెబుతారే?" అని అడిగాను.

"ఇదివరకు మేమే చెప్పేవాళ్లం మావయ్యా. రా, కూర తరుగుతూ చెబుతాను" అంది.

పచ్చిమిరపకాయలు బల్ల మీద పోసింది. ఒక గరిటె అడ్డంగా పెట్టి, అది రన్‌వే అంది. పాతకాలంలో నేలమీద ఒక రేడియో స్తంభం ఉండేదట. లేచిన ప్రతి విమానమూ ఆ స్తంభం చూపించే గీత పట్టుకునే పోవాలి. గీత తప్పించాలంటే వీళ్లు ఒక్కొక్క పైలట్‌కీ నోటితో చెప్పాలి. రద్దీవేళ నోరెండిపోయేదట.

"ఇప్పుడు పైన ఉపగ్రహాలున్నాయి. ఒక్కొక్కటీ ‘ఇప్పుడు టైమింత, నేనిక్కడున్నాను’ అని చెబుతూనే ఉంటుంది. విమానంలో యంత్రం నాలుగైదింటి మాటలు విని, తానెక్కడుందో తనే లెక్క కట్టుకుంటుంది. దాని దగ్గర ముందే ఒక జాబితా ఉంటుంది. ఇదిగో, ఈ పాయింటు దగ్గర కుడికి, ఈ పాయింటు దగ్గర ఎడమకి." ఒక్కొక్క మలుపు దగ్గరా ఒక్కొక్క మిరపకాయ పెట్టింది. "మొదటిది ఇటు పోతే రెండోది అటు పోతుంది. దారులు విడిపోతాయి కాబట్టి వెనకవాడు ఎక్కువసేపు ఆగక్కర్లేదు. మా నోటికీ కాస్త విశ్రాంతి."

"ఆ పాయింటు దగ్గర ఏముంటుంది?"

"ఏమీ ఉండదు."

"దీపమో, స్తంభమో..."

"ఏమీ ఉండదు మావయ్యా. అక్షాంశం, రేఖాంశం అని రెండు అంకెలు, ఒక పేరు. పేరు కూడా అయిదు అక్షరాలే, దానికి అర్థం ఉండదు."

ఏమీ లేని చోటికి పేరు పెట్టడం నన్ను బాధించింది. మా ఊళ్లల్లో ప్రతి చేనుకీ పేరుంటుంది, కానీ ఆ పేరు కింద ఒక బావో, బండరాయో, ఎప్పుడో జరిగిన తగాదానో ఉంటుంది. సుజాత ఒక పెద్ద కాగితం పరిచింది. అందరికీ దొరికే కాగితమే, రహస్యం కాదని రెండుసార్లు చెప్పింది. గీతలు నగరం దగ్గర గుంపుగా మొదలై, విడిపోయి, చివరి పాయింట్ల దగ్గర దూరప్రయాణపు దారుల్లో కలుస్తున్నాయి. ఒక చివరి పాయింటు మీద ఆమె వేలు ఆగింది.

"ఇది మీ వైపే. మార్టూరు దగ్గర."

నేను పుట్టింది మార్టూరు పక్కనే. నా పుట్టినూరి ఆకాశంలో నాకు చెప్పకుండా ఒక పేరు పెట్టారన్నమాట.

"అక్కడికెళ్లి చూస్తాను" అన్నాను.

"ఏం చూస్తావ్? ఏమీ ఉండదంటుంటే!"

"అదే చూస్తాను."

మా సుజాతకి కొండలెక్కే సరదా ఉంది. దానికోసం కొనుక్కున్న యంత్రం ఒకటి, సబ్బుపెట్టె అంతది, నా చేతిలో పెట్టింది. ఉపగ్రహాల మాట అదీ వింటుందట. పాత శుభలేఖ వెనక ఆ పాయింటు అంకెలు రాసి ఇచ్చింది. "తడపకు, పారేయకు, దీని గురించి కోతలు కోయకు" అంది. మొదటి రెండూ పాటించాను.

చిలకలూరిపేట మీదుగా

గుంటూరు వచ్చి ఒక రాత్రి పడుకుని, పొద్దున బస్సెక్కాను. శ్రావణమాసం. రెండు రోజుల క్రితం పడిన వానకి నల్లరేగడి నిగనిగలాడుతోంది. పత్తిచేలు మోకాలెత్తున ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్నాయన పురుగుమందుల కంపెనీ మనిషి. కాళ్ల మధ్య సంచి, సంచి మీద టై మడిచి పెట్టుకున్నాడు. ఊరొచ్చినప్పుడు కట్టుకుని, ఊరు దాటగానే విప్పేస్తానన్నాడు. రైతు టై చూస్తే మందును నమ్ముతాడట, మనిషిని నమ్మడట.

నా చేతిలోని యంత్రం చూసి, "కొత్త మోడల్ సెల్లా అండి?" అన్నాడు.

"కాదండి. ఉపగ్రహాలతో మాట్లాడేది."

"మీరు మాట్లాడతారా?"

"అవసరమైతే" అన్నాను. ఆయన కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. విమానశాఖ పని మీద వెళుతున్నానని కూడా చెప్పాను. ఒక అబద్ధానికి అంత విశాలమైన సీటు దొరుకుతుందని నేను అనుకోలేదు.

చిలకలూరిపేటలో బస్సు ఆగినప్పుడు మిరపకాయ బజ్జీలు తిన్నాము. ఐదు రూపాయలకి నాలుగు. సుజాతవాళ్ల నగరంలో బజ్జీ మిరపకాయ చప్పగా, బెండకాయలా ఉంటుంది. ఇక్కడ గింజ తీయకుండా వేస్తారు. నేను మూడు తిని కళ్లనీళ్లు పెట్టుకుంటే, అమ్మే ఆవిడ, "గుంటూరోళ్లయి ఉండి ఇదేందండి!" అంది. దుమ్ము పడిందన్నాను.

మస్తాన్ గొలుసు

మార్టూరులో నా స్నేహితుడు మస్తాన్‌వలి ఉన్నాడు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. తర్వాత వాడు సర్వేశాఖలో పొలాలు కొలిచే గొలుసు లాగే ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా గొలుసే లాగాడు. ఈ చుట్టుపక్కల పొలాల్లో వాడి పాదం పడని గట్టు లేదు.

గుమ్మంలో నన్ను చూడగానే, "ఏరా రాఘవా, ఇంకా ఉన్నావా?" అన్నాడు.

"నిన్ను పంపించి పోదామని."

వాడి భార్య కరీమున్ గోంగూర మాంసం, అన్నం పెట్టింది. వాళ్లింట్లో పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చుని తింటారు. మా ఇంట్లో ఎవరి కంచం వారిది. ఎవరెంత తిన్నారో మా పద్ధతిలో తెలుస్తుంది, వీళ్ల పద్ధతిలో తెలియదు. నాలాంటి వాడికి రెండోదే మంచిది.

అన్నాలయ్యాక యంత్రాన్ని బయటికి తీశాను. మస్తాన్ దాన్ని తిప్పితిప్పి చూసి, "దీనికి గొలుసేదిరా?" అన్నాడు.

"గొలుసు ఆకాశంలో ఉంది."

"పట్టుకునేదెవరు ఆ చివర?"

యంత్రాన్ని సంచిలో పెట్టేశాను. మర్నాడు నాతో వస్తావా అంటే, "ఇది తప్పు చూపిస్తే నవ్వడానికైనా వస్తా" అన్నాడు.

చుక్క తర్వాత అంకె

తప్పు చూపించింది. పొద్దున్నే బయల్దేరి, ఆటో దిగి, యంత్రంలో బాణం చూపించిన వైపు నడిచి నడిచి మేము చేరింది ఒక గ్రానైట్ ముక్కల గుట్ట దగ్గరికి. పాలిష్ యూనిట్లవాళ్లు పనికిరాని ముక్కలు పోసే చోటు. ఇదే పాయింటు అన్నాను. మస్తాన్ ఒక ముక్క మీద కూర్చుని, నవ్వడం అయ్యాక, శుభలేఖ అడిగాడు.

"ఈ యాభై ఎనిమిది పక్కన చుక్క, చుక్క పక్కన ఆరు. దీన్నేమని కొట్టావు?"

"యాభై ఎనిమిది నిమిషాల ఆరు సెకన్లు."

"ఒరేయ్, చుక్క తర్వాత వచ్చేది సెకన్లు కాదురా, పదో వంతులు. మా గొలుసుకి లింకులున్నట్టు. ఆరంటే అర నిమిషం పైనే. నువ్వు మనల్ని కిలోమీటరు దూరం తప్పించావు."

ఇంటర్మీడియట్ పాసైనవాణ్ని నేను, ఎనిమిది తప్పినవాడు వాడు. అంకెలు సరిచేసి మళ్లీ నడిచాము. నల్లరేగడి చెప్పుల్ని లాక్కుంది. ఎడమ చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. ఒంటి చెప్పుతో, పంచె ఎగ్గట్టి, బాణం వెంట పోయి ఒక చేలో ఆగాము. యంత్రంలో దూరం సున్నా అయింది.

నిజంగానే ఏమీ లేదు. రెండెకరాల మిరప పొలం, నాటుకు సిద్ధంగా ఉంది. ఒక మూల నారుమడి. పొలమంతా నిలువుగా, అడ్డంగా గీతలు. మిరప వేసే ముందు ఇలా అచ్చు తోలతారు. నిలువుగీత, అడ్డగీత కలిసిన ప్రతిచోటా ఒక మొక్క. నారుమడి దగ్గర ఒకావిడ వంగి కలుపు తీస్తోంది. యాభై ఏళ్లుంటాయి, తలకి తుండు చుట్టుకుంది.

మస్తాన్ కేకేశాడు. "దీనమ్మా! ఇది నువ్వు చేస్తున్న పొలమేనా?"

"నేనే కౌలుకి చేస్తున్నా మస్తాన్ గారూ. ఏంది, కొలతలా?" అంది. కొలత అనేసరికి ఆమె నడుము దానంతటదే నిటారయింది.

దీనమ్మ చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠం చెబుతుందట. భర్త పోయాక అయిదేళ్ల నుంచి ఈ రెండెకరాలూ ఒక్కతే చేస్తోంది. నేను సుజాత చెప్పినదంతా, ఉపగ్రహాల దగ్గర నుంచి, చెప్పాను. నాకు బోధపడటానికి ఒక పూట పట్టింది. ఆమె తన పొలం వైపు చూసి, "అంటే ప్రపంచానికంతా అచ్చు తోలారు, గీతలు కలిసిన చోటల్లా పేరు పెట్టుకున్నారు. అంతేగా?" అంది.

అంతే.

విమానం కోసం గట్టు మీద కూర్చున్నాము. దీనమ్మ తన క్యారేజీలోంచి అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి పంచింది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగారు. మోటారు సైకిలాయన ఒకడు ఇంజను ఆపేసి మరీ నిలబడ్డాడు. మబ్బు విరిసింది. ఉత్తరం నుంచి ఒక తెల్లటి గీత వచ్చింది.

"అదుగో, నేరుగా మన నెత్తి మీదకే వస్తుంది, ఇక్కడే తిరుగుతుంది" అని వేలు చూపించాను.

అది మా దాకా రాలేదు. చాలా ముందే, పడమటి వైపు, మెల్లగా వంగి, నున్నగా తిరిగి వెళ్లిపోయింది. రెండోది కూడా అంతే చేసింది.

"నీ పాయింటు మీద విమానాలకి నమ్మకం లేనట్టుందిరా" అన్నాడు మస్తాన్. అందరూ నవ్వారు.

దీనమ్మ ఒక్కతే నవ్వలేదు. "అరక గట్టెక్కించి తిప్పుతారా ఎవరైనా? గట్టు రాకముందే ఎద్దుల్ని మళ్లిస్తారు. అంత జోరు మీద వచ్చేది పాయింటు దాకా వచ్చి తిరిగితే అవతలి చేలో పడదూ?" అంది. (తర్వాత సుజాతకి ఫోన్‌లో చెబితే, "అదే నిజం, ముందే మూల కోసి తిరుగుతుంది. ఆవిణ్ని మా ట్రైనింగుకి పంపించు" అంది.)

ఆమె అంత చక్కగా చెప్పాక నేను ఊరుకుంటే సరిపోయేది. నలుగురూ నవ్వారన్న రోషం ఊరుకోనివ్వలేదు.

"ఇవి పైనుంచి పోయేవి. దిగేవి వేరే" అన్నాను.

మోటారు సైకిలాయన దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ దిగుతాయా అండి?"

"చూస్తూ ఉండండి" అన్నాను.

ఇంతలో మస్తాన్ తన పని తాను చేసుకుపోయాడు. కొలత పూర్తయ్యాక రాయి పాతకుండా పొలంలోంచి బయటికి రావడం వాడికి చేతకాదు. ఇందాకటి గుట్టలోంచి తెచ్చుకున్న గ్రానైట్ ముక్కను, యంత్రం సున్నా చూపించిన చోట నిలబెట్టి, మట్టి తొక్కి, జేబులోంచి సున్నపు పొట్లం తీసి తలకి పూశాడు. రిటైరై పదేళ్లు దాటినా జేబులో సున్నం ఉంది. అది కిళ్లీలోకి అని వాడంటాడు.

టిఫిను వేళకి రెండు వందల ఎకరాలు

మర్నాడు పొద్దున మార్టూరు సెంటర్లో ఇడ్లీ తింటున్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు, కారప్పొడి ఎంతైనా వేసుకోవచ్చు. పక్క బల్ల మీద ముగ్గురు మాట్లాడుకుంటున్నారు.

"విమానాశ్రయానికి రెండు వందల ఎకరాలంట. రాయి కూడా పాతారు."

"ఎవరంట పాతింది?"

"ఢిల్లీ నుంచి వచ్చాడంట ఒక ముసలాయన. ఉపగ్రహాన్ని చేతిలో పట్టుకుని వచ్చాడంట. అంత పెద్ద ఆఫీసరు, ఒంటి చెప్పు మీద నడిచాడంట చూడు, మొక్కుబడేమో!"

అప్పుడు నాకు భయం వేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. ఛాతీ ఉబ్బింది. ఇంకో ప్లేటు చెప్పి, "మూడు వందలని విన్నానే" అన్నాను.

మస్తాన్ ఇంటికి వచ్చేసరికి అరుగు మీద దీనమ్మ కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ చుట్టిన నారుకట్ట. నన్ను చూసి లేచి నిలబడింది, దణ్ణం పెట్టలేదు.

"పెద్దాయనా, పొలం నాటొద్దని కబురు పంపారు పొలం ఆసామి కోటేశ్వరరావు గారు. విమానాశ్రయం కింద పోతుంది, ఖాళీగా ఉండాలి, పైరుంటే కౌలుదారు ఉన్నట్టు లెక్క, పరిహారంలో వాటా పోద్ది, నువ్వు గట్టు దిగమాక అన్నారు." కట్ట విప్పి చూపించింది. "నారుకి నలభై అయిదు రోజులు. ఇంకో మూడు రోజులు చూస్తే ముదిరిపోద్ది. ఇప్పుడు నాకు వేరే పొలం ఎవరిస్తారు? ఈ ఏడు నేనేం తినాలో చెప్పండి."

కాయను చూసి ఊరు చెప్పినవాణ్ని, ఆ నారును చూసి ఏమీ చెప్పలేకపోయాను. లేతాకులు, వేళ్లకి మట్టి. కట్టకి తడిగుడ్డ మళ్లీ నేనే చుట్టాను.

"పదండి" అన్నాను. "ఆయన దగ్గరికి వెళ్లి అబద్ధమాడానని చెబుతాను."

"ఒరేయ్, ఆ మాట నువ్వెప్పుడైనా అన్నావా ఇంతకుముందు? అలవాటు లేని పని" అన్నాడు మస్తాన్. చెప్పులేసుకుంటూనే అన్నాడు.

పాలిష్ యూనిట్లో ఒప్పుకోలు

కోటేశ్వరరావు గారికి ఊరి బయట గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్ ఉంది. రంపాల మోత, రాళ్ల మీద ధారగా నీళ్లు, మనుషుల కనుబొమల మీద తెల్లటి పొడి. ఆయన మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి సోడాలు తెప్పించాడు. దీనమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. నేను పట్టుబట్టి కుర్చీ వేయించాను. ఆ ఒక్కటీ ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

"చెప్పండి సార్. ఎన్ని ఎకరాలు?" అన్నాడాయన.

"సెంటు కూడా లేదండి. నేను కోతలు కోశాను. నేను ఆఫీసర్ని కాదు, మిరప కొట్టు గుమాస్తాని."

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. "అర్థమైందండి. బయట చెప్పకూడదు."

"లోపల కూడా లేదండి!"

"అలాగే అలాగే." నా వైపు గౌరవంగా చూశాడు. "నిజమైన ఆఫీసర్లు ఇంత గట్టిగా కాదనరు సార్. మీది పై స్థాయి."

మస్తాన్ రాయి సంగతి చెప్పాడు. అది తన అలవాటని, కిళ్లీ సున్నమని చెప్పాడు. ఆయన చిరునవ్వు చెరగలేదు. సుజాతకి ఫోన్ చేసి ఆయన చేతికిచ్చాను. విమానాశ్రయం మాట అటుంచండి, విమానం ఆ పాయింటు మీదకి కూడా రాదు, ముందే తిరిగిపోతుంది, అది కాగితం మీద రెండు అంకెలు, అని ఆమె చెబుతున్నది నాకు వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి, "బాధ్యత గల అమ్మాయి. ఎంత బాగా దాచింది!" అన్నాడు.

నా జీవితంలో అంత నిజం ఒకే పూట నేనెప్పుడూ చెప్పలేదు. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"హైవే వెడల్పు చేసేటప్పుడు కూడా ఇట్లాగే కాదు కాదన్నారండి. మా అన్న నమ్మి, ముందే అమ్ముకుని కూర్చున్నాడు. నేను నమ్మను" అన్నాడు కోటేశ్వరరావు గారు. అది అత్యాశ కాదు, దెబ్బతిన్న మనిషి జాగ్రత్త. అందుకే నాకు దారి కనబడలేదు.

అప్పుడు దీనమ్మ మాట్లాడింది.

"అయ్యా, హైవేకి పోయిన పొలాల్లో తోటలున్నోళ్లకి పైరుకి వేరే కట్టారా లేదా?"

"కట్టారు."

"ఖాళీగా ఉన్న నేలకి?"

"నేల రేటే."

"మరి మీది ఖాళీగా ఎందుకు పెట్టడం?"

ఆయన సోడా కింద పెట్టాడు. "పైరు పెడితే రేపు అది నాదని నువ్వు కూర్చుంటావు."

"కూర్చోను. రాసిస్తా. విమానాలోళ్లు వస్తే పైరుకి ఎంత కట్టినా మీకే. నాకు పైసా వద్దు. కాయ కోసేదాకా వాళ్లు రాకపోతే మాత్రం కాయ నాది, కౌలు మీది, ఎప్పటిలాగే."

ఆయన సోడా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. బయట రంపం కోస్తూనే ఉంది. నేను నోరు తెరిచాను. వాళ్లు రావడమనేది లేదండి, ఉత్తి గాలి, అని మళ్లీ చెప్పబోయాను. నిజం మరిగిన నోరు మరి.

"పెద్దాయనా, సోడా తాగండి. గ్యాసు పోద్ది" అంది దీనమ్మ నా వైపు చూడకుండా.

తాగాను. మస్తాన్‌ది కూడా తాగాను.

కాగితం మీద దీనమ్మ తనే రాసింది, చర్చిలో పిల్లలకి పలక మీద రాసే గుండ్రటి అక్షరాలతో. సంతకం చేసింది. మస్తాన్ సాక్షి. నన్ను కూడా సాక్షి సంతకం పెట్టమన్నాడు కోటేశ్వరరావు గారు. పేరు కింద హోదా రాయమన్నాడు. గుమాస్తా అని రాశాను. ఆయన చదివి కన్ను గీటాడు.

బయటికొచ్చాక దీనమ్మ ఆగింది.

"ఇప్పుడు చెప్పండి. విమానాశ్రయం రాదన్నారే, అది నిజమేగా?"

"ఒట్టు."

"నేను దాని మీదే సంతకం పెట్టా. అందరూ మీ కోతని నమ్మారు. మీరు తప్పైందన్న మాట నమ్మింది నేనొక్కదాన్నే. అది కూడా కోతైతే నా ఏడాది పోయినట్టే."

డెబ్బై ఒక్క ఏళ్లలో నా నిజం మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. నాకే అనుమానం వచ్చింది. ఆమె బస్టాపు వైపు వెళ్లాక, మస్తాన్ చూడకుండా గోడ వెనక్కి పోయి మళ్లీ సుజాతకి ఫోన్ చేశాను.

"సుజాతా, నిజంగానే రాదు కదే?"

"ఏది?"

"విమానాశ్రయం."

"మావయ్యా, నువ్వు పుట్టించిందే కదా అది!"

అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను.

నాటు

ఆ పూట గుంటూరు బస్సెక్కాల్సినవాణ్ని ఎక్కలేదు. మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్లాను. పదిమంది ఆడవాళ్లు వరసగా వంగి నాటుతున్నారు. వెనకాల ఇద్దరు చెంబులతో మొదళ్లలో నీళ్లు పోస్తున్నారు. గీతలు కలిసిన చోట వేలితో గుంట, మొక్క, బొటనవేలి నొక్కు. మూడు కదలికలు, నేను ఊపిరి పీల్చేంతలో. రాయి తీయొద్దని కోటేశ్వరరావు గారి ఆజ్ఞ కాబట్టి దాని చుట్టూ నాటుకుంటూ పోయారు. ఆయన గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు. పైన విమానం పోయినప్పుడల్లా తలెత్తి, ముందే తిరిగిపోతుంటే, తన పొలం ఎవరి కంటా పడకూడదని కావాలనే తప్పించుకుని పోతున్నట్టు తృప్తిగా తలాడిస్తున్నాడు. నాటే ఆడవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు.

దీనమ్మ నాకో నారుకట్ట ఇచ్చింది. "ఊరికే నిలబడితే ఏమొస్తది? వంగండి."

"రాఘవా, నడుం పట్టుద్దిరా" అన్నాడు మస్తాన్, గొడుగు నీడలోకి జరుగుతూ.

వంగాను. గుంటూరు వెళ్లాక మా టీ కొట్టు దగ్గర ఆ పూట పన్నెండు వరసలు నాటానని చెప్పాను. ఆడవాళ్లు నన్ను అందుకోలేకపోయారని కూడా చెప్పాను.

అర వరస నాటాను. అదీ వంకరగా. వెనక్కి తిరిగి చూస్తే దీనమ్మ నా మొక్కల్ని ఒక్కొక్కటే పైకి తీసి, గీతలు కలిసిన చోట మళ్లీ పెడుతోంది.